నీలం కోటు కుడిచెయ్యి

నాకు ముక్కు మీద కోపమని మా ఆవిడ ఎదురైన ప్రతివాళ్ళకీ చెబుతుంది. నిజమే. చిరిగిన బట్ట పట్టుకొచ్చి, "ఓ చిన్న కుట్టు వేసి పారేయండి" అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కుట్టు వేయడానికి వీధికి ముగ్గురు దర్జీలున్నారు. నేను చేసేది రఫ్ఫు. చిరిగిన చోట నిలువు పోగు పక్కన నిలువు పోగు నిలబెట్టి, అడ్డపోగు కిందనుంచీ పైనుంచీ నడిపించి, ఆ జానెడు బట్టని మళ్ళీ నేయాలి. ఆ దారం కూడా బజారులో కొన్నది పనికిరాదు. ఆ బట్ట మడతలోంచే ఒక్కొక్క పోగూ లాగాలి. చివరికి చిరుగు ఎక్కడుండేదో బట్ట కట్టుకున్న మనిషే చెప్పలేకపోతే, అప్పుడు నా పని అయినట్టు.

మా కొట్టు ఒక పాత మేడ మెట్ల కింద ఉంటుంది. ఒక బల్ల, ఒక ఇస్త్రీ పెట్టె, ఒక భూతద్దం, పగలంతా వెలుతురిచ్చే ఒక కిటికీ. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు గుమ్మంలో నిలబడాలి. ఆ ఇద్దరూ నేనూ, మా అమ్మాయీ. దాని అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది. మాకందరికీ అది సూది. నాలుగేళ్ళప్పుడు, చూపు మందగించిన మా నాన్న సూదుల్లోకి దారం ఎక్కించి పెట్టేది. అప్పుడు పడిన పేరు. పెద్దయ్యాక దాని మాటలకీ ఆ పేరే సరిపోయిందని వాళ్ళ మేనమామ ఏడిపిస్తుంటాడు.

మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. పని ముగించి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, బట్టని బల్ల మీద పరుస్తాను. చిరుగు ఎక్కడుండేదో చెప్పను. సూది కళ్ళు మూసుకుని, కుడిచేతి మూడు వేళ్ళతో బట్టంతా నిమురుకుంటూ పోతుంది. వేళ్ళు ఎక్కడైనా ఆగాయంటే నేను నోరు మూసుకుని ఆ పని విప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆగకపోతే, "ఎక్కడా ఆగలేదు నాన్నా" అంటుంది. ఆ మాట పడేదాకా బట్ట కొట్టు దాటదు. నా భూతద్దానికి దొరకని ముడి దాని వేళ్ళకి దొరికిన రోజులు బోలెడు. అలాంటప్పుడు నేను చిటపటలాడేవాణ్ణి, అది మాత్రం కాలు మీద కాలేసుకుని టీ తాగేది.

మా నాన్న నేర్పిన పద్ధతి ఇంకొకటి ఉంది. బట్ట ఎలా చిరిగిందని అడగకూడదు. తెలిసినా పైకి అనకూడదు. పుస్తకంలో రాసుకోకూడదు. సిగరెట్టు కాల్చిన చొక్కాలు, ఎవరో కాలరు పట్టుకు లాగిన చొక్కాలు, మొగుడూ పెళ్ళాల మధ్య చిరిగిన చొక్కాలు, అన్నీ మా బల్ల మీదికే వస్తాయి. మేము చూస్తాం, నేస్తాం, మడతపెట్టి ఇస్తాం. నలభై ఏళ్ళుగా నేను ఎవరినీ ఏమీ అడగలేదు. దాన్ని మర్యాద అనుకున్నాను.

పళ్ళ డాక్టరుగారికి మా పద్ధతి బాగా నచ్చింది. రెండు వీధుల అవతల ఆయన ఇల్లు. ముందు గదుల్లో ఆస్పత్రి, వెనకవైపు కాపురం, పక్కగా ఇనుప గేటు, గేటు లోపల కుక్క. ఇటుకరంగు వొళ్ళు, బల్లంత ఛాతీ. దాని పేరు నాకు ఎన్నోసార్లు చెప్పారు, నేను గుర్తుపెట్టుకోదలచుకోలేదు. ఊరందరి పళ్ళూ పీకే మనిషి సొంత కుక్క పళ్ళ జోలికి మాత్రం పోడని మా బావమరిది అంటుంటాడు.

రెండేళ్ళలో ఆ ఇంటినుంచి నా దగ్గరికి ఏడు బట్టలు వచ్చాయి. డాక్టరుగారి తెల్లకోటు అంచు, ఎవరో చుట్టాలావిడ శాలువా, కరెంటు మీటరు చూసే మనిషి ప్యాంటు, ఆస్పత్రిలో పనిచేసే ఆయా గౌను, ఇలా. అన్నిటి మీదా ఒకే రకం గాట్లు. పైన రెండు గుండ్రటి బెజ్జాలు, కింద రెండు, వాటి మధ్య లాగి పీకిన చీలిక. దేని పని అన్నది చంటిపిల్లకైనా తెలుస్తుంది. డాక్టరుగారు ప్రతిసారీ ఒకటే మాట అనేవారు, "మాస్టరుగారూ, తెలియకుండా చెయ్యండి." నేను తెలియకుండా చేశాను. మొదట్లోనే, "అయ్యా, దాన్ని కట్టేసుకోండి, లేకపోతే ఎవరి ప్రాణం మీదికో వస్తుంది" అని ఒక్క మాట అని ఉంటే ఎలా ఉండేదో ఇప్పుడు ఎంత ఆలోచించినా లాభం లేదు.

శ్రావణంలో ముసురు పట్టి చలేస్తున్న ఒక రోజు పదకొండు గంటలప్పుడు సూది రెండు తెల్లకోట్లు ఇచ్చి రావడానికి ఆ ఇంటికి వెళ్ళింది. వొంటి మీద తన నీలం ఉన్ని కోటు. ముక్క తనే ఏరి తెచ్చుకుంది, తనే కత్తిరించుకుంది, కాలరు మూడుసార్లు విప్పి కుట్టుకుంది. ఆ ఇంటికి వెళితే గంట కొట్టి బయటే నిలబడాలి. ఆయా వచ్చి కుక్కని గొలుసుకి కట్టాక లోపలికి పిలుస్తుంది. ఆ రోజు గేటు సగం తెరిచే ఉంది. సూది గంట మీద చెయ్యి వేసేలోపలే కుక్క ఆ సందులోంచి బయటికి వచ్చింది. కుడిచెయ్యి మణికట్టుకి కాస్త పైన పట్టింది. పట్టి వదల్లేదు, తల విదిలించింది. డాక్టరుగారు కుర్చీలో రోగిని అలాగే నోరు తెరిపించి వదిలేసి పరిగెత్తుకొచ్చి, దవడలు తన చేతులతో విడదీశారు. ఆ విద్య ఆయనకి వచ్చు. స్పృహ తప్పిన పిల్లని తన కారులోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఈ మాట నేను దాచను. ఆయన తీసుకెళ్ళకపోతే రక్తం ఇంకా చాలా పోయేది.

మేము వెళ్ళేసరికి దాన్ని లోపలికి తీసుకుపోయారు. నడవాలో డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. ఆయన చొక్కా మీద మా పిల్ల రక్తం ఉంది.

"మాస్టరుగారూ, నేను ఇక్కడ గేటు ఊచ చీరుకుందని చెప్పాను. కుక్క అని రాస్తే పోలీసులు వస్తారు, అమ్మాయిని పదిసార్లు తిప్పుతారు. కుక్కకి అన్ని ఇంజెక్షన్లూ వేయించాను, ఆ భయం లేదు. మిగతాదంతా నేను చూసుకుంటాను. నా మాట చాలదా మీకు?"

చాలన్నాను. నలభై ఏళ్ళుగా ఎలా చిరిగిందని అడగని నోరు ఆ రోజు మాత్రం ఎందుకు లేస్తుంది?

మర్నాడు పొద్దున్న నర్సు ఒక సంచీ తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల నీలం కోటు ఉంది. మా ఆవిడ పిల్ల మంచం పక్కనుంచి కదలనంది, ఇద్దరం కూర్చుని చేసేదేమీ లేదు, మీరు వెళ్ళి కాస్త నడుం వాల్చండి అంది. నేను ఇంటికి వెళ్ళలేదు, కొట్టుకి వెళ్ళాను. కోటుని చన్నీళ్ళలో నానబెట్టి, రక్తం పోయేదాకా నీళ్ళు మార్చాను. ఆరాక కిటికీ దగ్గర కూర్చున్నాను. నా బుర్రలో అప్పుడు చట్టం లేదు, సాక్ష్యం లేదు. సూది ఇంటికి వస్తుంది, చిలక్కొయ్యకి ఈ కోటు ఉంటుంది, దాని కళ్ళు ముందు ఆ గాట్ల మీదే పడతాయి. అంతవరకే ఆలోచించాను. పిల్ల చేతిని బాగుచేయడం నాకు రాదు. ఇది వచ్చు.

చింపిరి అంచులు కత్తిరించి సమం చేశాను. కింది మడత విప్పి పోగులు లాగాను. పైన రెండు, కింద రెండు, నడుమ చీలిక. రెండు పగళ్ళు పట్టింది. లోపలి లైనింగు కూడా మార్చాను. వెనక్కి తిప్పి చూసినా తెలియకూడదని మా నాన్న చెప్పేవాడు, అందుకని వెనకవైపు పోగుల కొసలు కూడా ఉన్నిలో కలిసిపోయేదాకా బ్రష్షుతో దువ్వాను. నా జన్మలో అంత బాగా చేసిన పని ఇంకొకటి లేదు. గొప్పకి చెప్పడం లేదు, ఏడుపొచ్చి చెబుతున్నాను.

సూది ఇంటికొచ్చాక కోటు చూసింది. మోచేతి దాకా కట్టు. ఎడం చేత్తో కోటు తీసుకుని మొహానికి ఆనించుకుని కాసేపు అలాగే నిలబడింది. వేళ్ళతో పరీక్ష చేసే స్థితి కాదు కనక నేనూ అడగలేదు. అలా మా కొట్టులో దాని చేతి కింద నుంచి పోకుండా పూర్తయిన బట్ట ఆ ఒక్కటే.

కట్టు విప్పాక అసలు సంగతి బయటపడింది. బొటనవేలు కదులుతోంది, చూపుడువేలు కదులుతోంది, కానీ బట్ట నిమిరే ఆ మూడు వేళ్ళకీ స్పర్శ లేదు. వేడి టీ గ్లాసు పట్టుకుని కాలినా తెలియక అలాగే ఉంచుకుంది, మా ఆవిడ చూసి లాగేసింది. నరాల డాక్టరు చేతిని అటూ ఇటూ తిప్పి, నరం తెగిందన్నాడు. ఆరు నెలల్లోపు పెద్ద ఊళ్ళో ఆపరేషను చేసి కలిపితే స్పర్శ వచ్చే అవకాశం ఉంది, అది దాటితే నరం ఎండిపోతుంది, ఇంక ఎవరూ ఏమీ చేయలేరన్నాడు. ఆ ఆపరేషను మా కొట్టు అమ్ముకున్నా మాకు అందేది కాదు.

అంతా చూసుకుంటానన్న మనిషి దగ్గరికి వెళ్ళాను. డాక్టరుగారు నన్ను కూర్చోమన్నారు, మంచినీళ్ళు ఇప్పించారు. తర్వాత బల్ల మీది అద్దాన్ని తుడుస్తూ, ఈ విషయం ఇప్పుడు లాయరుగారు చూస్తున్నారనీ, ఆయన తనని మాట్లాడొద్దన్నారనీ అన్నారు. నేను ఎంతసేపు కూర్చున్నా ఆయన అద్దం తుడుస్తూనే ఉన్నారు. కిటికీ బయట గొలుసు చప్పుడు వినపడుతోంది.

మా బావమరిది కోర్టులో టైపిస్టు. రోజంతా ఇతరుల తగాదాలు టైపు కొట్టి కొట్టి, ప్రపంచంలో నిజమైన మనిషి కాగితమే అన్న నమ్మకానికి వచ్చాడు. సంగతంతా విని అతను మొదటిసారి హుషారుగా కనిపించాడు.

"బావా, చట్టం మనవైపే ఉంది. కుక్క కరిస్తే యజమానే బాధ్యుడు. ఆపరేషను దగ్గర్నుంచీ అన్నీ ఆయనే చేయించాలి. కుక్కకి మూతికట్టు లేకుండా గడప దాటించకూడదు. కాకపోతే మనం రెండు ముక్కలు రుజువు చేయాలి. కరిచింది ఆ కుక్కే అని ఒకటి. అది కరుస్తుందని ఆయనకి ముందే తెలుసని ఇంకొకటి. ఆస్పత్రి కాగితం గేటు ఊచ అంటోంది, పోనీ. ఆ రోజు కోటు వేసుకుందన్నావుగా? దాని మీద గాట్లుంటాయి. నాలుగు గుండ్రటి బెజ్జాలు, గేటు ఊచ వెయ్యలేదు కదా. అది ఒక్కటి చాలు, పట్రా."

నేను చిలక్కొయ్య మీది కోటు తెచ్చి ఇచ్చాను. అతను కుడిచెయ్యి చూశాడు, ఎడంచెయ్యి చూశాడు, మళ్ళీ కుడిచెయ్యి చూశాడు.

"ఇది కాదు బావా. ఆ రోజు వేసుకున్నది."

"అదే ఇది," అన్నాను.

అతను కోటు ఒళ్ళో పెట్టుకుని నా మొహం కేసి చూశాడు. మా ఆవిడ ఊరుకోలేదు. "ఇంట్లో చిరిగిందాన్ని ఒక్క పూట ఉండనిచ్చారా ఎప్పుడైనా?" అని వంటింట్లోకి పోయి, అక్కడ పంపు తిప్పి ఏడ్చింది. సూది మాత్రం, "మావయ్యా, నాన్న పని నీకు తెలియకపోతే సంతోషించాలి గానీ" అని నవ్వబోయింది. ఆ నవ్వు ఎవరికీ అంటుకోలేదు.

కుట్టు విప్పేస్తే సరిపోతుంది కదా అని మా బావమరిది అడిగాడు. విప్పితే చిరుగు వస్తుంది, పంటి గాటు రాదని చెప్పాను, అంచులు నా కత్తెరతోనే సమం చేశాను కదా. పైగా మన ఇంట్లో మనం విప్పిన చిరుగుని, మనమే చింపామనరా? అతను ఆలోచించి, అయితే అలాగే పట్టుకెళదాం, నాలుగు చోట్ల రఫ్ఫు ఉందని మునిసిపాలిటీలో ఈ కేసులు చూసే అధికారి ముందే చూపిద్దాం అన్నాడు. పైన రెండు, కింద రెండు. ఆ ఆనవాలు చాలు. దరఖాస్తు తనే టైపు చేశాడు, ఒక్క తప్పు లేకుండా.

ఇక రెండో ముక్క. కుక్క కరుస్తుందని డాక్టరుగారికి తెలుసనడానికి నాకంటే పెద్ద సాక్షి ఎవరు? ఏడు బట్టలు నా చేతిమీదుగా పోయాయి. ఏడింటిలో ఒక్కదాని గురించీ నా దగ్గర ఒక్క ముక్క రాసి లేదు. మీటరు చూసే మనిషిని వేరే ఊరికి మార్చారు. శాలువా ఎవరిదో నాకు తెలియదు, అడగలేదు కదా. మిగిలింది ఆయా.

ఆస్పత్రి వెనక మెట్ల మీద కూర్చుని ఆవిడ పళ్ళాలు కడుగుతోంది. నన్ను చూడగానే ఎందుకు వచ్చానో గ్రహించింది. గొలుసు కట్టాల్సింది ఆవిడే, ఆ రోజు డాక్టరుగారు మందుల కొట్టుకి పంపారట, అప్పట్నుంచీ నిద్ర పట్టడం లేదట. మా పిల్ల చేతి గురించి అడిగి కళ్ళు తుడుచుకుంది. సాక్ష్యం మాట ఎత్తేసరికి లోపలికి వెళ్ళి ఒక గౌను తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆ రోజు అది గుడ్డనే పట్టింది మాస్టరూ, నా ఒంటి మీద గీత కూడా లేదు. నేను వచ్చి చెబితే, ఎక్కడ పట్టిందో చూపించమంటారు. ఇదిగో గౌను. ఎక్కడో నువ్వే చూపించు."

నేను ఆ గౌనుని వెలుతుర్లోకి తిప్పాను. మంచి పని. ఆ రోజు దాన్ని సూది రెండుసార్లు విప్పించింది.

"నాకు ఈ ఉద్యోగం ఒక్కటే ఉంది," అంది ఆయా, నా మొహం చూడకుండా. నేను గౌను మడతపెట్టి ఇచ్చేశాను. నేను ఎవరి మీద కోప్పడగలను?

విచారణ తేదీ, దెబ్బ తగిలాక ఐదో నెల చివర్లో పడింది. మునిసిపాలిటీ మేడ మీద ఒక పొడవాటి గది. గోడ పొడుగునా ఫైళ్ళ బీరువాలు, ఒక బీరువా తలుపు మూతపడక తాడుతో కట్టారు. మధ్యలో బల్ల, బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఆఫీసరమ్మ. ఆవిడ చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. సూదిని దగ్గరికి పిలిచి చెయ్యి చూసింది. పొడవాటి గీత ఒకటి, అడ్డంగా కుట్ల మచ్చలు. పెద్దాసుపత్రిలో చీలికలన్నీ కలిపి ఒకటే గీతగా కుట్టారు. అక్కడ కూడా ఎవరో నాలాంటి మంచి పనివాడే దొరికాడు. ఈ మచ్చ కుక్కదైనా కావచ్చు, ఇనుపదైనా కావచ్చునని ఆఫీసరమ్మ నిజంగా బాధపడుతూనే అంది.

డాక్టరుగారు మాకు ఎదురుగా కూర్చున్నారు. ఆఫీసరమ్మ అడిగితే, గేటు ఊచ అని నేలకేసి చూస్తూ చెప్పారు. కుక్కే పట్టిందని సూది చెప్పింది, స్పృహ తప్పిన పిల్లకి ఏం గుర్తుంటుందన్నాడు ఆయన లాయరు. నా వంతు వచ్చింది. ఏడు బట్టల గురించి చెప్పాను. ఆయన లాయరు మర్యాదగా అడిగాడు: బిల్లులున్నాయా, పుస్తకం ఉందా, ఆ బట్టల్లో ఒక్కదాని మీదైనా చిరుగు కనపడుతుందా. లేదు, లేదు, లేదు. ప్రతి లేదుకీ మా బావమరిది నా పక్కన ఇంకాస్త కుంగిపోయాడు.

"ఆస్పత్రిలో గేటు ఊచ అని రాసినప్పుడు మీరు అక్కడే ఉన్నారు కదా? అభ్యంతరం చెప్పారా?"

చెప్పలేదన్నాను.

అప్పుడు కోటు తీశాను. ఆఫీసరమ్మ దాన్ని బల్ల మీద పరిచి, తన ఎదురుగా ఉన్న మనిషికి పళ్ళ సంగతి బాగా తెలుసు కనక డాక్టరుగారినే అడిగింది, బట్ట మీద పంటి గాటు ఉంటే గుర్తుపట్టగలరా అని. ఆయన లాయరు వైపు చూశారు. లాయరు ఫరవాలేదన్నట్టు తలూపాడు.

"గాట్లు ఉంటే చెప్పగలనండి," అన్నారు డాక్టరుగారు. "దీని మీద ఏమీ లేవు."

అది అబద్ధం కాదు. అదే నా కడుపు మంట.

ఆఫీసరమ్మ నాతో అంది, "మాస్టరుగారూ, నేను దీన్ని నిపుణులకి పంపగలను. కానీ ఊరికే కోటు పంపడానికి నాకు వీల్లేదు. ఇదిగో ఇక్కడ రఫ్ఫు చేసి ఉందని ఒక్క ఆనవాలు చూపించండి. ఒక్క పోగు చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

కోటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. జేబులోంచి భూతద్దం తీశాను. చోటు నాకు తెలుసు, చేతి అంచుకి నాలుగు వేళ్ళ పైన. చోటు చూపిస్తే చాలదు, ఆనవాలు కావాలి. అద్దం ఆనించి పోగు పోగూ లెక్కపెట్టాను. వెనక్కి తిప్పాను. లైనింగు కొస విప్పి లోపలికి చూశాను. ఉన్ని దట్టంగా, నున్నగా, మిల్లులో నేసినట్టే ఉంది. కింది మడతలో పోగులు పలచబడ్డాయని చూపించాను. పాత కోట్లన్నిటికీ మడతలు పలచబడతాయని లాయరు అన్నాడు, అదీ నిజమే. మళ్ళీ అద్దం ఆనించాను. గదిలో అందరూ ఎదురుచూస్తున్నారు. నా కళ్ళకి నీళ్ళు అడ్డం పడుతున్నాయి, అవి తుడుచుకుని చూసినా నాకు ఏమీ దొరకలేదు. నా పని నాకే దొరకలేదు. ఆ గదిలో నేను ఇంతెత్తున అరిచి ఉండాల్సింది. దొంగలా నిలబడ్డాను.

అప్పుడు సూది లేచింది. "నాన్నా, ఇటివ్వు. దీన్ని నేను చూడనే లేదు కదా," అంది.

నాకు ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. నిజమే కదా. భూతద్దానికి దొరకనివి దొరికింది ఆ వేళ్ళకే కదా. మా బావమరిది కూడా సర్దుకుని కూర్చున్నాడు. మా కొట్టు పద్ధతి ఏమిటో నేను ఆఫీసరమ్మకి గబగబా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, బల్ల మీద కాగితాలు పక్కకి జరిపి చోటిచ్చింది. లాయరు కూడా అడ్డు చెప్పలేదు.

సూది కోటు పరిచింది, కళ్ళు మూసుకుంది. పద్దెనిమిదేళ్ళ అలవాటు ప్రకారం కుడిచెయ్యి ముందుకు చాచింది. మూడు వేళ్ళూ భుజం దగ్గర మొదలై, మోచెయ్యి మీదుగా, అంచు దాకా మెల్లిగా దిగాయి. అంచు దాటి, కోటు దాటి, బల్ల చెక్క మీదికి వెళ్ళిపోయాయి. దానికి తెలియలేదు. చెక్క మీద ఇంకా నిమురుతూనే ఉంది. నాకు అప్పుడు గుర్తొచ్చింది. గదిలో అందరికంటే ఆలస్యంగా, కన్న తండ్రినై ఉండి, నాకు గుర్తొచ్చింది.

మా ఆవిడ వచ్చి ఉంటే చెయ్యి పట్టుకుని ఆపి ఉండేది. నేను కదల్లేకపోయాను. సూది కళ్ళు తెరిచింది. చెయ్యి ఎక్కడుందో చూసుకుంది. తిరిగి భుజం దగ్గర పెట్టి, ఈసారి కళ్ళు తెరిచే ఇంకోసారి నిమిరింది. ఎడంచేత్తో కూడా ప్రయత్నించింది, కానీ ఆ చేతికి ఆ పని ఎప్పుడూ ఎవరూ నేర్పలేదు. డాక్టరుగారు మొహం రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన తలెత్తి ఒక్క మాట అంటారేమోనని నేను చూశాను. లాయరు ఆయన మోచేతి మీద చెయ్యి వేసి ఉంచాడు.

"దొరికిందా అమ్మా?" అని అడిగింది ఆఫీసరమ్మ.

సూది నా వైపు తిరిగింది. దాని మొహంలో నా మీద కోపం ఉన్నా బాగుండేది.

"ఎక్కడా ఆగలేదు నాన్నా," అంది.

ఆఫీసరమ్మ కలం తీసి రాసింది. కోటు కుడిచేతి మీద చిరుగు గానీ, బాగుచేసిన గుర్తు గానీ కనపడలేదు. కుక్క స్వభావం గురించి యజమానికి ముందే తెలుసనడానికి ఆధారం లేదు. యజమాని బాధ్యుడని చెప్పడానికి వీల్లేదు. మా బావమరిది ఆ కాగితం నకలు తీసుకుని అలవాటు కొద్దీ తప్పులున్నాయేమో చూశాడు. లేవు. పైకి అప్పీలు చేసుకోవచ్చనీ, విచారణకి రావడానికి ఏడాది పడుతుందనీ మెట్లు దిగుతూ చెప్పాడు. నరానికి మిగిలింది ఒక్క నెల. ఆ మాట మా ముగ్గురికీ తెలుసు. అతను తన ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

మేమిద్దరం నడిచాం. మా కొట్టుకి వెళ్ళాలంటే ఆ వీధిలోంచే వెళ్ళాలి. ఇనుప గేటు దగ్గరికి రాకముందే లోపల గొలుసు చప్పుడు, తర్వాత మొరుగుడు. మేము అవతలి వైపుకి మారాం. సాయంత్రం గాలి చల్లగా కొడుతోంది. సూది ఆగి, "కోటు ఇటివ్వు నాన్నా, చలేస్తోంది," అంది.

తొడిగాను. కుడిచెయ్యి దానికది దూర్చుకోలేదు, నేనే వేళ్ళు ముడిచి పట్టుకుని లోపలికి పోనిచ్చాను. మచ్చ పూర్తిగా కప్పుకుపోయింది. ఎదురుగా వస్తున్న ఒకావిడ, కోటు చాలా బాగుంది, ఎక్కడ కొన్నావమ్మా అని సూదిని అడిగింది. నేనే కుట్టుకున్నానని చెప్పింది సూది. ఆవిడ వెళ్ళాక నా ముందు నిలబడింది, నేను కిందినుంచి మొదలుపెట్టి కోటు బొత్తాలన్నీ పెట్టాను.